దించమని పెట్టిన ఒట్టు

కర్రపెండలం దంచి చేసే ఫుఫు ముద్ద చల్లారితే ఎవరూ ముట్టరు. అందుకే పొద్దు వాలేదాకా బిరాగో రోలు జోలికి పోలేదు. పులుసు మాత్రం పొయ్యి మీద సన్నగా ఉడుకుతూనే ఉంది. పామ్ కాయల పులుసు. కూతురు పొమాకి ఇష్టమని నత్తలు నాలుగు ఎక్కువే వేసింది. ఇవాళ వస్తానని పిల్ల ఒక మనిషి చేత కబురు పంపింది. పొద్దు వాలింది, పిల్ల రాలేదు.

చెప్పిన వేళకి ఎవరైనా రాకపోతే బిరాగో మనసు కుదురుగా ఉండే మనసు కాదు. మొదట వాగు కనిపించింది, వాగు రాళ్ళ మీద జారిన కాలు కనిపించింది. తర్వాత కోకో తోటలో ఆకుల కింద చుట్ట చుట్టుకున్న పాము. ఆ తర్వాత కుమాసి పట్నం రోడ్డు మలుపు, దుంగల లారీ. పొమా తండ్రి పోయింది ఆ మలుపులోనే. పొమాకి ముందు పుట్టిన మగపిల్లవాడు జ్వరంలో ఫిట్స్ వచ్చి ఒళ్ళోనే పోయాడు. మిగిలింది ఈ ఒక్క ఆడపిల్ల. ఒక్క పిల్ల తల్లి గుండె ఎప్పుడూ వీధిలోనే ఉంటుంది.

ఆ ఒక్క పిల్లా ఇప్పుడు ఇంట్లో లేదు. ఊరి రాణి దుఫియె దగ్గర, దివాణంలో ఉంటోంది. పండక్కి సాయంగా పంపమంటే పంపింది బిరాగో. పండగ వెళ్ళిపోయింది, ఇంకో పండగ కూడా వెళ్ళిపోయింది. పిల్ల మాత్రం తిరిగి రాలేదు. వచ్చినా చుట్టం వచ్చినట్టు వచ్చి, పీట అంచున కూర్చుని లేచిపోతోంది.

దుఫియె పరాయిది కాదు. ఇద్దరి అమ్మమ్మలూ ఒకే ఇంట్లో పెరిగినవాళ్ళు, ఇద్దరి తల్లులూ అక్కచెల్లెళ్ళలా బతికినవాళ్ళు. వరసకి దుఫియె చెల్లెలు. ఒకే పళ్ళెంలో తిన్నారు. తినేటప్పుడు చేప తల ఎప్పుడూ దుఫియె వైపే ఎలా తిరిగేదో బిరాగోకి ఇప్పటికీ అర్థం కాదు. పెద్ద రాణి పోయినప్పుడు, తల్లి వైపు ఆడవాళ్ళకే వచ్చే ఆ రాణి పీట ఇక బిరాగో వంతేనన్నారు అందరూ. వయసులో పెద్దది కదా. తెల్ల బట్ట ఉతికి ఆరేసుకుని గుమ్మంలో కూర్చుంది. పెద్దల మనిషి వచ్చాడు, ఆమె గుమ్మం దాటాడు, దుఫియె గుమ్మం ముందు ఆగాడు. ఎందుకని ఎవరూ చెప్పలేదు. ఆ రోజు నుంచి చెల్లెల్ని "రాణమ్మా" అని పిలవాల్సి వచ్చింది.

పులుసు కుండని గుడ్డతో చుట్టి నెత్తిన పెట్టుకుని దివాణానికి బయల్దేరింది.

ముంగిట్లో పందిరి కింద ఆడవాళ్ళు కూర కోసుకుంటూ, రోట్లో దంచుకుంటూ కబుర్లాడుతున్నారు. దుఫియె ఎత్తు కుర్చీలో కూర్చుని ఉంది. వెనక నిలబడి పొమా ఆమె తల దువ్వుతోంది. దువ్వుతూ ఏదో అంది, దుఫియె పకపకా నవ్వింది. పిల్ల వంగి ఆమె భుజం మీద గడ్డం ఆనించింది. ఆ గడ్డం ఆనించడం బిరాగోకి తెలుసు. చిన్నప్పుడు తన భుజం మీద సరిగ్గా అలాగే ఆనించేది.

"అదుగో మా అమ్మ!" అంది పొమా. "ఏమైందమ్మా, ఎవరైనా పోయారా?"

"ఎవరూ పోలేదు. వస్తానని రాకపోతే, నువ్వే పోయావనుకున్నాను."

ఆడవాళ్ళు నవ్వారు. "బిరాగోకి కోడి కూసినా చావు కబురే," అంది ఒకావిడ.

"పులుసు తెచ్చాను, నత్తలు వేశాను. కడుక్కుని కూర్చో."

"తినేశానమ్మా. అమ్మ చేమాకు కూర చేసింది."

"ఏ అమ్మ?"

పొమా నాలుక కరుచుకుంది. పుట్టినప్పటి నుంచి దుఫియెను చిన్నమ్మా అని పిలిచిన పిల్ల. "చిన్నమ్మ," అంది మెల్లిగా. కానీ తల దించుకున్న తీరు చూస్తే, ఇది మొదటిసారి కాదని తెలిసిపోయింది.

"కూర్చో అక్కా, చెమట పడుతోంది," అంది దుఫియె. "నేనే కబురు చేద్దామనుకుంటున్నాను. పిల్లని ఇక ఇక్కడే ఉండనీ. నాకు ముగ్గురూ మగపిల్లలే కదా. నా పిల్లగానే పెంచుకుంటాను. పెద్దలతో కూడా ఒక మాట అనుకున్నాను."

"పెద్దలతో అనుకున్నావు. కన్నదానితో అనుకోలేదు."

"ఇప్పుడు అంటున్నాను కదా అక్కా."

"నాకు రావాల్సిన పీట ఎక్కావు, నోరు మూసుకున్నాను. మొగుడు పోయాడు, పిల్లాడు పోయాడు, నోరు మూసుకున్నాను. ఇప్పుడు మిగిలిన దీన్ని కూడా జడ వేయించుకుని, కూర తినిపించి, అమ్మా అనిపించుకుని..."

"అమ్మా, నలుగురూ వింటున్నారు," అంది పొమా.

ఆ మాటే నిప్పు అంటించింది. పిల్ల తనని చూసి సిగ్గుపడుతోంది! బిరాగో కుండ నేల మీద పెట్టి నడుం మీద చెయ్యి వేసుకుంది.

"వినమను! ఏటి గురువారం మీద ఒట్టు! నువ్వు నా బిడ్డని దొంగిలించావు. ఆ పీట మీద కూర్చోడానికి నువ్వు తగవు. నిన్ను దించాలి!"

రోట్లో రోకలి ఆగిపోయింది. ఒక ముసలమ్మ రెండు చేతులతో నోరు మూసుకుంది.

ఎన్నో తరాల కింద, ఒక గురువారం నాడు, ఆ ఊరి రాజు జనంతో సహా ఏట్లో మునిగి పోయాడు. ఆ రోజు పేరు ఎవరూ ఎత్తరు. ఎత్తితే చచ్చినవాళ్ళందరినీ లేపి సాక్ష్యానికి పిలిచినట్టే. అలా ఒట్టు పెట్టి అన్న తగవు ఇక ఇంటిది కాదు, రాజుది. అన్నది తాగినవాడైనా, పిచ్చివాడైనా, ఏడుస్తున్న తల్లి అయినా సరే.

దివాణం భటుడు వచ్చి బిరాగో భుజం మీద చెయ్యి వేశాడు. "అమ్మా, ఇక తగవు తేలేదాకా నువ్వు రాజు చేతిలో మనిషివి," అన్నాడు కాస్త మొహమాటపడుతూనే.

దుఫియె కోప్పడలేదు. ముఖం పాలిపోయింది. "ఎంత పని చేశావక్కా," అంది. "పొయ్యిలో నిప్పుని తీసుకెళ్ళి చూరులో పెట్టావు."

*

ఇంటి పెద్ద అడుసేయి పూచీ పడితే బిరాగోను ఇంటికి వదిలారు. ఆ ఇంట్లో పిల్లాజెల్లా అందరూ అతన్ని మావయ్యా అనే అంటారు. ముంగిట్లో తడకల మీద ఎండుతున్న కోకో గింజల్ని చేత్తో కెలుకుతూ కూర్చున్నాడు. బిరాగో వైపు చూడనైనా లేదు.

"తిట్టేదేదో తిట్టెయ్యి మావయ్యా. ఇలా ఉంటే నాకు భయమేస్తోంది."

"నీకు ఎలా ఉన్నా భయమేలే." గింజలు వదిలేసి ఆమె వైపు తిరిగాడు. "నీకు ఏం కావాలే బిరాగో? నిజంగా చెప్పు."

"నా పిల్ల నా ఇంటికి రావాలి."

"అదీ అసలు మాట. పిల్లని అక్కణ్ణించి తీసుకురావడం ఒక పని. దానికి నేనూ, ఒక కల్లు కుండా చాలు. మనింటి వసారాలో కూర్చుని మాట్లాడుకుంటే తేలిపోయేది. దుఫియెను పీట మీంచి దించడం ఇంకో పని. అది ఎక్కించినవాళ్ళు చెయ్యాల్సింది. కాళ్ళ చెప్పులు లాగేసి, వట్టి పాదాన్ని నేలకి తాకిస్తారు. తాకిందా, అంతే. మళ్ళీ ఎక్కించడం దేవుడి తరం కూడా కాదు. తగవుని ఇంట్లోంచి ఎత్తి రాజు ముంగిట్లో పెట్టడం మరో పని. నువ్వేం చేశావు? మొదటిది కావాలనుకుని, రెండోది అడిగి, మూడోది చేశావు."

బిరాగో పైట కొంగు నోట్లో కుక్కుకుంది.

"పోనీ, వెనక్కి తీసుకుంటాను."

"ఎత్తడానికి నోరు చాలు. దించడానికి సభ కావాలి. ఇప్పుడు వాళ్ళు అడుగుతారు, దుఫియె చేసిన తప్పేమిటని. తాగి పడిపోయిందా? పెద్దల మీద చెయ్యి చేసుకుందా? పీట నగలు అమ్ముకుందా? ఏం చెప్తావు?"

"నా పిల్లని లాక్కుంది."

"చెల్లెలు అక్క పిల్లని పెంచడం తప్పయితే ఈ దేశంలో పీటలన్నీ ఖాళీ అయిపోతాయి. కారణం చూపించలేకపోతే ఒట్టు నీ మెడకి చుట్టుకుంటుంది. తప్పు కింద నీ చేత గొర్రెపోతుని ఇప్పించి కోస్తారు, అది సరే. ఆ తర్వాత నీ మాట ఏ సభలోనూ చెల్లదు. పిల్ల విషయంలో కూడా చెల్లదు. అప్పుడు దుఫియె పిల్లని ఇస్తానన్నా, తీసుకునే నోరు నీకుండదు."

అతను లేచి వెళ్ళాక బిరాగో చాప మీద వాలింది. కళ్ళు మూసుకుంటే పొమా కనిపించేది, దుఫియె భుజం మీద గడ్డం ఆనించి. ఆ భుజం మీద వేడినీళ్ళు పోయాలనిపించేది. పాపం, బిరాగో చెడ్డ మనిషి కాదు. కానీ ఆమె లోపల ఇన్నేళ్ళూ ఒక పిల్లి కూర్చుని ఉంది. చేప తల దగ్గర మొదలైన పిల్లి, అది ఇప్పుడు బాగా బలిసింది.

సభ ముందురోజు ఎండు చేపలమ్మే చెరెవా వచ్చింది. ఆవిడదీ అదే వంశం, వేరే కొమ్మ. గంప దించి, గుమ్మం మీద కూర్చుని, అడక్కుండానే ఒక చేప తీసి బిరాగో చేతిలో పెట్టింది.

"ఏడ్చావా? కళ్ళు చూడు, ఉడికిన వంకాయల్లా ఉన్నాయి. ఎందుకే ఏడుపు, గెలిచే తగవుకి?"

"గెలిచేదేముంది వదినా. కారణం లేదుగా."

"కారణం నీ నాలుక చివర ఉంది. ఆ ఇంట్లో ఇద్దరు ముసలమ్మలు పెరిగారా లేదా? ఇద్దరిలో ఒకావిడ ఈ మట్టిది కాదు కదా. ఉత్తరాది నుంచి, చిన్నపిల్లప్పుడు, ఉప్పు మూటలతో పాటు కొనుక్కొచ్చిన మనిషి. ఆ కడుపున పుట్టినవాళ్ళు పీట ఎక్కకూడదు."

"ష్!" బిరాగో వీధివైపు చూసింది. ఎవరి పుట్టుక ఎవరూ విప్పకూడదు. ఆ దేశంలో అన్నిటికన్నా పాత కట్టడి అది. తెచ్చుకున్న మనిషిని ఇంట్లో కలుపుకున్నాక, ఫలానావాళ్ళు ఫలానా చోటి నుంచి వచ్చారని అన్నవాళ్ళదే తప్పు. రాజైనా అనకూడదు.

"అనకూడదు, నిజమే," అంది చెరెవా. "అంటే ఇంకో రెండు గొర్రెలు కోస్తారు. కానీ అన్న మాటని ఎవరు తిరిగి మింగగలరే? ఏట్లో పోసిన పాలు తోడగలరా? ఊరంతా విన్నాక ఇక దుఫియె ఆ కుర్చీలో ఎలా కూర్చుంటుంది? ఆ సాయంత్రానికే చెప్పులు లాగేస్తారు. పిల్ల పరిగెత్తుకుంటూ నీ ఇంటికొస్తుంది. పీట ఖాళీ అయితే పెద్దది నువ్వే కదా."

ఆ మాట బిరాగోకి కొత్తేం కాదు. చిన్నప్పుడు వాగు దగ్గర బట్టలుతికే ఆడవాళ్ళు గుసగుసలాడుతుంటే విన్నది, ఆ ఇంట్లో ఒక ముసలమ్మ కొనుక్కొచ్చిన మనిషి అని. ఎవరని వాళ్ళు అనలేదు. ఆమె అడగనూ లేదు. అడగాల్సిన అవసరం ఏముంది? ఎవరి అమ్మమ్మ వాళ్ళకి సొంత అమ్మమ్మే. పరాయిది అవతలి అమ్మమ్మే అవుతుంది. చేప తల ఎప్పుడు అటు తిరిగినా, బిరాగో మనసులో ఆ ఒక్క మాటే చప్పరించుకునేది. తిను, తిను, నువ్వు ఈ మట్టి దానివి కాదు.

*

సభనాడు ముంగిలి నిండిపోయింది. పెద్ద గొడుగు కింద రాజు, అటూ ఇటూ పెద్దలు, ఎడమవైపు ఎత్తు కుర్చీలో దుఫియె. ఆమె వెనక పొమా. రాజు నేరుగా ఎవరితోనూ మాట్లాడడు. ఆయన మాట సభకి, సభ మాట ఆయనకి చెప్పేది కర్రపెద్ద ఒపోకు. చేతిలో బంగారు పూత పూసిన కర్ర, నోట్లో పళ్ళు తక్కువ, మాట మాత్రం పదును.

"బిరాగో," అన్నాడు ఒపోకు, "నువ్వు గురువారాన్ని పిలిచావు. వచ్చి కూర్చుంది. ఇక చెప్పు."

బిరాగో లేచి నిలబడింది. పిల్ల సంగతి చెప్పింది. సాయానికి పంపితే ఉంచేసుకున్నారని చెప్పింది. తల దువ్వించుకున్నారని కూడా చెప్పింది.

"తల దువ్వించుకుంటే పీట దించాలా?" అన్నాడు వెనక నుంచి ఎవరో ముసలాయన. "అయితే మా ఆవిణ్ణి ఎప్పుడో దించాల్సింది!"

సభ నవ్వింది. ఒపోకు కర్ర పైకెత్తాడు.

"పిల్లని ఉంచుకోవడం ఇంటి తగవు తల్లీ. దానికి గురువారాన్ని లేపనక్కర్లేదు. నువ్వు రాణమ్మని దించమన్నావు. దించడానికి వేరే తప్పు కావాలి. ఉందా? లేదంటే లేదని చెప్పు, గొర్రెపోతుతో పోతుంది."

లేదని చెబితే సరిపోయేదే. కానీ ఆ క్షణంలో దుఫియె పైబట్ట భుజం మీంచి జారింది. పొమా చటుక్కున వంగి సర్దింది. సర్దుతూ తల్లి వైపు చూసింది. ఆ చూపు బిరాగోకి జీవితాంతం గుర్తుంటుంది. నా పరువు తీస్తున్నావు, ఇంటికి పో అన్న చూపు అది. అంతే, లోపలి పిల్లి లేచి నిలబడింది. గుంపులో చెరెవా తల చిన్నగా ఊపింది.

"ఉంది," అంది బిరాగో. "మా ఇంట్లో ఇద్దరు అమ్మమ్మలు పెరిగారు. ఆ ఇద్దరిలో ఒకరు..."

"బిరాగో!" అడుసేయి అరిచాడు. ఇంటి పెద్ద సభలో అరవడం ఆ ఊరు ఎన్నడూ చూడలేదు.

అప్పుడే దుఫియె లేచింది. ఎత్తు కుర్చీ ముందుకొచ్చి, ఎవరూ ఆపేలోగా వంగి, కుడికాలి చెప్పు పట్టీ విప్పింది.

"ఆగక్కా," అంది. గొంతులో రాణితనం లేదు. ఒకే పళ్ళెంలో తిన్నప్పటి గొంతు అది. "నన్ను దించాలనే కదా. దానికి మాట అక్కర్లేదు, చెప్పులు చాలు. నేనే విప్పుతున్నాను. పీట నీకిష్టమైనవాళ్ళకి ఇప్పించుకో. ఆ మాట మాత్రం పిల్ల చెవిన పడనీయకు. నీ కాళ్ళు పట్టుకుంటాను."

పిల్ల చెవిన పడనీయకు.

ఎప్పుడూ అన్నిటికన్నా చెడ్డదాన్నే ముందు ఊహించే మనసు బిరాగోది. వాగు, పాము, లారీ, జ్వరం. ఇన్నేళ్ళలో ఎన్ని ఊహించిందో, కానీ ఈ ఒక్కటీ ఎన్నడూ ఊహించలేదు. ఇప్పుడు ఒక్కసారిగా ఊహించింది. పరాయిది దుఫియె అమ్మమ్మ అయితే, ఆ మాట వింటే పొమాకి వచ్చిన నష్టమేమిటి? ఏమీ లేదు. మరి దుఫియె పీటే వదిలేసుకుంటోందేం? పెద్దల మనిషి తన గుమ్మం దాటి ఎందుకు వెళ్ళిపోయాడు? పెద్దది తను కదా. ఎందుకని ఎవరూ చెప్పలేదేం? చెప్పకూడదు కనుక. ఎవరి పుట్టుక ఎవరూ విప్పకూడదు కనుక.

కొనుక్కొచ్చిన పిల్ల తన అమ్మమ్మ.

అంటే పీట ఎక్కకూడని ఆ కడుపువాళ్ళే తనూ, పొమా. దుఫియెకి ఆడపిల్లలు లేరు. పొమా దుఫియె ఒళ్ళో, దుఫియె పిల్లగా పెరిగితే, రేపు ముసలి పెద్దలు ఒక్కొక్కరే పోయాక, పొమా ముత్తవ్వ ఎవరని ఎవరూ అడగరు, పీట పొమాదే అవుతుంది. దుఫియె లాక్కోలేదు. పిల్లని ఎత్తి గోడ దాటిస్తోంది. ఎందుకో చెప్పే వీలు లేక, ఇన్నాళ్ళూ దొంగ అనిపించుకుంది.

చెప్పు ఊడింది. దుఫియె పాదం గాలిలో ఉంది, వట్టిగా, అరికాలు తెల్లగా. నేలకి దిగుతోంది.

బిరాగో ఎలా వెళ్ళిందో ఆమెకే తెలియదు. మోకాళ్ళ మీద పడి, మట్టిలో ఈడ్చుకుంటూ పోయి, ఒంటి మీది పైబట్ట లాగి ఆ పాదం కిందకి విసిరింది. బట్ట సరిగా పరుచుకోలేదు. రెండు అరచేతులూ పెట్టింది. మడమ వచ్చి చేతి మీద పడింది. ఎముక కలుక్కుమంది.

ముంగిట్లో అందరూ ముందుకి వంగి చూశారు.

"తాకింది!" చెరెవా కేక వేసింది. "నేల తాకింది, నేను చూశాను!"

ఒపోకు కర్ర ఊతంగా పెట్టుకుని మెల్లగా వంగాడు. ముసలి నడుం, వంగడానికి సమయం పట్టింది. ఆ బట్టని చూశాడు, బట్ట మీద చేతుల్ని చూశాడు, చేతుల మీది పాదాన్ని చూశాడు.

"చెయ్యి మీద ఉంది," అన్నాడు.

"చెయ్యి కింద నేలే కదా!"

"నీ చేపల గంప కింద కూడా నేలే చెరెవా. అంతమాత్రాన నువ్వు మట్టి అమ్ముతున్నావా?"

నవ్వు వచ్చింది గానీ ఎవరూ గట్టిగా నవ్వలేదు. పొమా పరిగెత్తుకొచ్చి, ఆ పాదానికి చెప్పు తొడిగింది. తొడుగుతుంటే పిల్ల వేళ్ళు తల్లి వేళ్ళకి తగిలాయి. ఎవరూ ఎవరి ముఖమూ చూడలేదు.

ఒపోకు నిటారుగా నిలబడ్డాడు. "పాదం తాకలేదు. రాణమ్మ రాణమ్మే. కానీ బిరాగో, గురువారం ఇంకా కూర్చునే ఉంది. నువ్వు సగం మాట అన్నావు. సగం మాట సభలో వదిలితే దాన్ని ఎవరికి తోచినట్టు వాళ్ళు పూర్తి చేసుకుంటారు. ఇద్దరు అమ్మమ్మల్లో ఒకరు... ఏమిటి?"

బిరాగో లేవలేదు. మోకాళ్ళ మీదే ఉంది. భుజాలు కప్పుకోలేదు.

"ఇద్దరిలో ఒకరు నన్ను ఎత్తుకునేవారు, ఒకరు దుఫియెను ఎత్తుకునేవారు," అంది. "అలిసిపోతే మార్చుకునేవారు. ఎవరు ఎవరి మనవరాలో మాకు తెలిసేది కాదు. తెలియాల్సిన పనీ లేదు. ఆ ఇంట్లో అందరం ఒక్క కడుపే. ఆ మాటే చెప్పబోయాను."

అడుసేయి కళ్ళు మూసుకుని ఊపిరి వదిలాడు.

"మరి ఒట్టు?" అన్నాడు ఒపోకు.

"ఒట్టు అసూయతో పెట్టాను. రాణమ్మ తప్పేం లేదు. పొమా... పొమా ఆవిడ పిల్లే. నేను కన్నాను, అంతే. ఆవిడ పిల్ల."

ఒపోకు రాజు వైపు వంగి విన్నాడు. మళ్ళీ తిరిగాడు. "రాజుగారు అడుగుతున్నారు, తెలిసే అంటున్నావా? ఒట్టు ఓడిపోయావు. ఇంతమందిలో పిల్లని ఇచ్చానన్నావు. రేపు నీ ఇంటికి రమ్మని పిలవడానికి నీకు మాట ఉండదు. పిల్ల పెళ్ళికి నిన్ను అడగరు. పిల్ల పిల్లలు నీ పేరు చెప్పరు."

ఆమె లోపలి పిల్లి చావలేదు. గోళ్ళన్నీ బయటపెట్టి గీరుతూనే ఉంది. దుఫియెకు పీట వచ్చింది. దుఫియెకు పిల్ల వచ్చింది. మంచిపేరు కూడా దుఫియెకే. ఆఖరికి తన చేతులతో తనే అందించాలా ఇవన్నీ?

"తెలిసే," అంది బిరాగో.

*

గొర్రెపోతుని కోశాక జనం పలచబడ్డారు. గోడ పక్కన నిలబడి, తడిగుడ్డతో చెయ్యి కట్టుకుంటోంది బిరాగో. పొమా వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"నన్ను తెచ్చుకోవడానికి గురువారాన్ని లేపావు. మరి అంత తేలిగ్గా ఇచ్చేశావేం?"

చెప్పడానికి నోటినిండా మాటలున్నాయి. ఒక్కటీ చెప్పకూడదు.

"రాత్రిళ్ళు గొళ్ళెం పెట్టుకుని పడుకో," అంది. "వాగు దగ్గరకి ఒంటరిగా పోకు. వానలో తడిస్తే నీకు దగ్గు పట్టుకుంటుంది, మీ... రాణమ్మకి చెప్పు, అల్లం నీళ్ళు కాచి ఇమ్మను."

"అదేనా నువ్వు చెప్పేది?"

"అదే."

పిల్ల, తల్లి ఇంకేమైనా అంటుందేమోనని చూసింది. తర్వాత విసురుగా వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది.

ఇంటికి నడుస్తుంటే అడుసేయి పక్కనే నడిచాడు. దారిలో ఎవరూ లేనిచోట బిరాగో ఆగింది.

"మావయ్యా. ఆ మనిషి మా అమ్మమ్మేనా?"

అతను కొండల వైపు చూశాడు. "మబ్బు పట్టింది," అన్నాడు. "గింజలు లోపల పెట్టుకోవాలి, పద."

ఆమె మళ్ళీ అడగలేదు. వాన మాత్రం ఆ రోజు రాలేదు.

*

ఆ ఏడాది కోకో కోతలయ్యాక సంతకి కుమాసి నుంచి ఒక బట్టలావిడ వచ్చింది. ఊరికి కొత్త. బిరాగో ఆవిడ దగ్గర నిలబడి ఒక నీలం అంచు గుడ్డని మడత విప్పి చూస్తోంది. అవతలి వరసలో దివాణం ఆడవాళ్ళు వెళ్తున్నారు. ముందు దుఫియె, పక్కన పొమా. పిల్ల కాస్త ఒళ్ళు చేసింది. మెళ్ళో పూసలు వేసుకుంది. నడుస్తూ దుఫియె చెవిలో ఏదో చెప్పి, నవ్వు ఆపుకోలేక ఆమె భుజం పట్టుకుంది.

బిరాగో లోపలి పిల్లి మళ్ళీ గీరింది. అదేం తగ్గలేదు. తగ్గుతుందని ఎవరో అన్నారు గానీ, తగ్గలేదు.

"ఎవరా అమ్మాయి?" అంది బట్టలావిడ. "చక్కగా ఉంది."

గుడ్డ మడతని బిరాగో నెమ్మదిగా, అంచుకి అంచు కలిపి వేసింది.

"రాణమ్మ కూతురు," అంది.

"అనుకున్నాను. పోలికలు అలాగే ఉన్నాయి."

"నడక కూడా," అంది బిరాగో. "చూడు, అచ్చం వాళ్ళమ్మ నడకే."